పైన పట్టు లేని గోడ

నిన్న సాయంత్రం గాలికి వీధి తలుపు దభీమని మూసుకోగానే, హాలు మధ్యలో కొత్తగా పెట్టించిన చెక్కగోడ క్యాలెండరుతో సహా ఊగింది. పిల్లల మంచం వైపు వంగి, మెల్లగా వెనక్కి వెళ్లింది. గోడ అవతల మంచం మీద పిల్లలు నవ్వుకుంటున్నారు. మంచాన్ని వంటగది పక్కకి లాగి వాళ్లని అక్కడ పడుకోబెట్టాను. అమలాపురంలో కాపురం పెట్టాక ఏసుదాసు బాబాయిగారు అంతగా గుర్తొచ్చింది నిన్ననే.

ముక్తేశ్వరంలో మా పక్కింటి వడ్రంగి ఆయన. నేను కాలేజీలో చదివే రోజుల్లో, మిషను స్కూలు హాలుని రెండు క్లాసులుగా చేసే పని ఆయనకొచ్చింది. ఓవర్సీరుగారి ఇంగ్లీషు పుస్తకం మా ఇంటికి పట్టుకొచ్చారు.

"అమ్మాయ్, ఎంతెత్తు గోడకి ఎంత లావు కర్రలెయ్యాలో ఇందులో ఉంటాదంట. కాస్త చదివి పెట్టు."

పట్టిక మీద వేలు పెట్టి దర్జాగా చదివాను. పదడుగులకి రెండంగుళాల నిలువు కర్రలు చాలన్నాను.

"చాలంటావా?"

"ఆయ్, పుస్తకంలోనే ఉందండీ."

గోడ లేచింది, రంగు కూడా వేశారు. ఆరిన రోజున బాబాయిగారు గోడ మధ్యలో అరచేత్తో నొక్కి చూశారు. మళ్లీ నొక్కి, నన్ను పిలిపించారు.

"పైన ఏం కనపడతందమ్మా?"

పెంకుల కప్పు ఎక్కడో ఎత్తున ఉంది. గోడ కొస గాలిలో ఉంది. నేను చదివిన కొలత కిందా పైనా బిగించిన గోడకి. ఆ మాట పట్టిక కింద సన్నక్షరాల్లో ఉంది. నేను వదిలేశాను.

"లోపలి గోడేగా ఏసుదాసూ, దానికేం తుఫానొస్తుందా?" అన్నారు హెడ్మిస్ట్రెస్‌గారు.

"ముప్ఫైమంది పిల్లలు ఆనుకుంటారండీ. తుఫానే నయమండీ."

ఆ రోజే మొత్తం విప్పేశారు. లావు కర్రలు దగ్గర దగ్గరగా నిలబెట్టి, పైన ఈ గోడ నుంచి ఆ గోడకి దూలం వేసి బిగించారు. లెక్క తానే తప్పానన్నారు గానీ నా పేరెత్తలేదు. ఏడుపు మొహంతో నిలబడ్డ నా చేతిలో మేకుల డబ్బా పెట్టి, "ఇంకోసారి సన్నక్షరాలతో మొదలెట్టమ్మా," అన్నారంతే.

ఇప్పుడు మా హాల్లో మాత్రం, ఈ ఊరి వడ్రంగి లావు కర్రలు వేద్దామంటే, జాగా పోతుందని సన్నవి వేయించింది నేనే. "లోపలి గోడేగా," అన్నాను కూడా.

ఈ పొద్దున్న పిల్లలు లేచి, మంచం ఇక్కడికెందుకొచ్చిందని అడిగారు.

"ఆ గోడకి సన్న కర్రలు చాలని నేను తప్పు చెప్పాను. ఇవాళ విప్పించేస్తున్నాను. అంతవరకూ దాని దగ్గరికి వెళ్లకండి," అన్నాను.

పెద్దాడు గొంతు తగ్గించి అడిగాడు. "నాన్నగారికి తెలుసా?"

"ఆయనకే ముందు చెప్పాను."