మా ఫ్రిజ్ తలుపులో ఆయన సీసా

మరమగ్గాలు నడిపే మా పక్కింటాయన పోయాడని ఆయన భార్య ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. "సరే" అన్నాను. పొయ్యి మీది పాలు దించాను.

పన్నెండేళ్లుగా ఆయన ఇన్సులిన్ మా ఫ్రిజ్ తలుపులో ఉండేది. వాళ్లింట్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నాలుగున్నాయి కానీ ఫ్రిజ్ లేదు. పొద్దున, సాయంత్రం చొక్కా నిండా నూలు పీచుతో వచ్చేవాడు.

"టీచరమ్మా, నా సీసా సల్లగున్నదా?"

"నీ సీసాకున్న సుఖం గీ ఇంట్ల నాకు లేదు."

తలుపు మోకాలితో మూసేవాడు. తిడితే, "చేతులకు నూనె ఉన్నది, నీ తెల్ల తలుపు ఖరాబైతది" అనేవాడు. మొండివాడే, మర్యాద తెలిసిన మొండివాడు. పన్నెండేళ్లలో నా మాట విన్నది ఒక్కసారి.

ఆ రోజు కడుపు పట్టుకుని వచ్చాడు. "వీపులకు గుంజుతున్నదమ్మా. నిన్నటి సంది తిన్నది ఆగుతలేదు. సూది ఏసుకోవాల్నా?"

"గ్యాసయ్యుంటది, వాము నీళ్లు తాగు. తిననోనికి సూదెందుకు? కండ్లు తిరిగి సాంచ మీద పడతవు" అన్నాను. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన నోరు ఇది.

తలూపి వెళ్లిపోయాడు. మూడో నాటికి ఎగశ్వాస. ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ ఓపికగా చెప్పింది: క్లోమం వాచింది, సూది ఆగేసరికి రక్తం ఆమ్లంగా మారింది, రెండింటికీ కడుపునొప్పి, వాంతులే కాబట్టి ఒకదాని చాటున ఇంకోటి పెరిగింది. కిడ్నీలు కూడా చెడ్డాయి. "తినకపోయినా ఇన్సులిన్ మొత్తానికే ఆపొద్దమ్మా, ఎమ్మటే డాక్టర్ను అడగాలె" అంది. ఆ తర్వాత నాలుగు రోజులే ఉన్నాడు.

క్లోమం పేరు వినగానే వాడలో తాగుడన్నారు. ఆయన తాగింది మా చాయ్ ఒక్కటే, అదీ చక్కెర లేకుండా, మొహం ముడుచుకుని.

దినాలయ్యాక ఆయన భార్యకు చెప్పాను. "సూది వద్దన్నది నేనే, బిడ్డా."

"మీ మాట ఆయన ఎన్నడిన్నడు, టీచరమ్మా?" అంది.

"ఈసారి విన్నడు."

ఆమె, "గా సీసా పారెయ్యుండ్రి" అని లేచి వెళ్లింది.

పారేయలేదు. సగం మందుతో అక్కడే ఉంది. తలుపు తెరిచినప్పుడల్లా పక్కనున్న పచ్చడి సీసాకు తగులుతుంది. నిన్న పాలు పెట్టి, రెండు చేతులూ ఖాళీగానే ఉన్నా, తలుపు మోకాలితో మూశాను.