చీటీ ఊడిన ఎలుక

కోరుట్ల పక్క పల్లె నుంచి వచ్చిన భూమయ్య 1977లో అరబ్బు దేశపు సలాలా దగ్గర రోడ్డు క్యాంపులో కూలీ. ఇంటి దగ్గర చెప్పులు కుట్టేవాడు. తోటివాళ్ల తెగిన బూట్లు అతను కుడుతుంటే చూసిన నిసార్ అహ్మద్, మేనేజరును అడిగి అతన్ని తన గుడారంలో పనికి పెట్టుకున్నాడు. నిసార్ ఒకప్పుడు హైదరాబాదు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాడు. రోడ్డు పడేలోగా ఆ కొండల్లో ఏయే జంతువులున్నాయో తెలుసుకోవడం అతని ఉద్యోగం.

పట్టిన ఎలుకల తోలు ఒలిచి, దూది కూరి కుట్టడమే పని. రూమ్‌లో వాళ్లు నవ్వుతారని భూమయ్య మొదటి వారం సామాన్ల డ్యూటీ అని చెప్పాడు. తర్వాత అలవాటైంది. అతను వేసిన కుట్టు వెతికినా కనిపించేది కాదు. ఏ ఎలుక ఎక్కడ దొరికిందో నిసార్ చీటీ మీద రాస్తే, భూమయ్య దాని కాలికి కట్టేవాడు.

ఆగస్టులో, కొండలు వాన జల్లుకు పచ్చబడ్డ రోజుల్లో, కుట్టి ఆరబెట్టిన ఎలుకల్లో ఒకదాన్ని చూసి నిసార్ అన్నం మానేసి పుస్తకాలు తిరగేశాడు. వీపున బిరుసు వెంట్రుకలు, తోక మొదట్లో తెల్లని పట్టీ. ఇలాంటివి ఆఫ్రికాలో నాలుగే దొరికాయనీ, అవి ఏ జాతివో పెద్దపెద్దవాళ్లకే తేలలేదనీ భూమయ్యకు చెప్పాడు. చీటీ మీద కొండగుహ అని ఉంది. సముద్రానికి ఇవతల కూడా ఆ ఎలుక బతుకుతోందంటే చిన్న సంగతి కాదు. వెంటనే లండన్ మ్యూజియానికి ఉత్తరం మొదలుపెట్టాడు.

భూమయ్యకు ఆ చీటీ సంగతి గుర్తొచ్చింది. వారం కింద నిసార్ జ్వరంతో పడుకున్న రోజు, డ్రైవరు దస్తగిర్ గుడ్డసంచుల్లో రెండు ఎలుకలు తెచ్చాడు. ఒకటి గుహలోది. రెండోది రేవు గోదాములో, ఆఫ్రికా నుంచి దిగిన జొన్నబస్తాల మధ్య పట్టినది. నిసార్ పడుకునే చీటీలు రాసిచ్చాడు. ఆరబెట్టిన పళ్లెం గాలికి తిరగబడి చీటీలు రెండూ ఊడిపోతే, భూమయ్య తోచినట్టు కట్టేశాడు. ఇప్పుడు చెబితే ఇంటికి పంపేస్తారేమోనని భయపడ్డాడు. అయినా వెళ్లి నిలబడ్డాడు.

"సార్, ఆ చీటీ ఊడిపోతే నేనే మళ్ల కట్టిన. దీనిదో కాదో నాకు ఎర్కలేదు."

నిసార్ కలం కింద పెట్టాడు. "నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు గద, భూమయ్యా."

"మీరు రాసినంక అక్కడోళ్లు నిజమే అనుకుంటరు సార్."

దస్తగిర్‌ను అడిగితే తనకిచ్చిన సంచులు విప్పి చూడనే లేదన్నాడు. నిసార్ ఉత్తరం పక్కన పెట్టాడు. మూడో రోజు బోనులన్నీ గుహకు మార్చాడు. మూడు వారాలు భూమయ్య తడుస్తూ కొండెక్కి చూసి వచ్చాడు. అలాంటిది ఇంకొకటి పడలేదు. గోదాములో వెతికించినా దొరకలేదు. చివరికి నిసార్ రెండు చోట్ల పేర్లూ రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఎలుకను దాని పుర్రెతో సహా లండన్‌కు పంపాడు.

జవాబు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. పుర్రె ఒక జాతికి దగ్గరగా, పళ్లు మరో జాతికి దగ్గరగా ఉన్నాయట. ఇంకొకటి దొరికేదాకా ఏమీ తేల్చలేమని రాశారు. చోటు సందేహమని దాచకుండా చెప్పినందుకు కృతజ్ఞతలు కూడా ఉన్నాయి. ఆ వాక్యం నిసార్ తెలుగులో చెప్పి, అది నీకేనన్నాడు.

"మరి దానికేం పేరు పెట్టిండ్రు సార్?"

"ఇంకా పెట్టలేదు."

ఆ తర్వాత భూమయ్య మొదట చీటీ గట్టిగా ముడివేసి, ఆపైనే కత్తి పట్టేవాడు. 1979లో నిసార్ హైదరాబాదు వెళ్లిపోయాడు. కంపెనీ భూమయ్యను తిరిగి రోడ్డు పనిలో వేసింది.