బావ బరువూ, నా తరుగూ

ఆ రోజుల్లో నోరు తెరవడంలో నన్ను మించినవాడు నారాయణఖేడ్‌లో లేడు. తినడానికి తెరిచేవాణ్ణి, అడగని సలహాలివ్వడానికి తెరిచేవాణ్ణి, ఆటోలో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషికి రాజకీయాలు వివరించడానికి కూడా తెరిచేవాణ్ణి. అలాంటివాణ్ణి, ఆ రోజు దవాఖానలో మా అక్క తను చేయని తప్పును నెత్తిన వేసుకుని డాక్టరు ముందు తల దించుకుంటే, పెదవి విప్పలేదు. గోడకు తగిలించిన గుండె బొమ్మలో ఏ నాళం ఎటు పోతోందో చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్ల తర్వాత ఇది నవ్వుకుంటూ చెప్పుకునే కథే అయినా, ఆ రెండు నిమిషాల దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ నా గొంతు తగ్గుతుంది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మాది మనూర్ వైపు పల్లె. డిగ్రీ అయ్యాక ఖేడ్‌లో కందులూ పెసర్లూ కొనే ఒక దుకాణంలో కాంటా దగ్గర పని దొరికింది. రైతులు తెచ్చిన సంచుల్ని తూకం మీద పెట్టించి, అంకె చూసి గట్టిగా చెప్పడం నా ఉద్యోగం. ఉండేది అక్క ఇంట్లో. బావ కంగ్టి రూట్లో ఆటో నడిపేవాడు. మా వైపు ఆటోల్లో డ్రైవరుకు అటొకరు ఇటొకరు కూర్చోవడం మామూలు. బావ ఆటోలో మాత్రం ముందు సీటు మొత్తం బావకే సరిపోయేది. ఎవరైనా మొండికేసి ఎక్కితే సగం మనిషి ఆటోలో, సగం మనిషి గాలిలో ప్రయాణం చేసేవాడు. అయినా బావ ఆటో ఎప్పుడూ ఖాళీగా పోయేది కాదు. ఆయన మాటలు అలాంటివి.

ఒక వానాకాలం బావకు బొడ్డు పక్కన నిమ్మకాయంత ఉబ్బు వచ్చింది. దగ్గితే బయటికి పొడుచుకొచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. ఆటోలోకి సంచులెత్తితే నొప్పి. బస్సెక్కించి జిల్లా దవాఖానకు తీసుకుపోతే డాక్టరు నొక్కి చూసి హెర్నియా అన్నాడు, ఆపరేషన్ చేయాలన్నాడు. ఆ తర్వాత బావను తూకం మిషను ఎక్కించి, తొంభై ఎనిమిది కిలోలు చూసి, "ఇంత కడుపు మీద కుట్లేస్తే నిలవవు. తొంభైకి దిగి రా, అప్పుడు చేస్తా" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. "ఈలోపల నొప్పి ఎక్కువై వాంతులైతే మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దు, ప్రాణం మీదికొస్తుంది" అని కూడా అన్నాడు. ఆ చివరి మాట అక్క చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. ఆ రోజు నుంచి బావ పొలమారితే చాలు, అక్క చేతిలో ఉన్నది కింద పడేది. (బావ మాత్రం ఆ రోజు దవాఖానలో, "ఎక్కినందుకు పైసల్లేవు, నువ్వు గూడ ఎక్కు" అని అక్కను కూడా మిషను మీదికి తోశాడు. ఆమె యాభై నాలుగు. అదీ డాక్టరు రాసిన చీటీ వెనక రాయించుకున్నాడు.)

ఇంటికి రాగానే అక్క పనులు పంచింది. "తిండి నేను జూసుకుంట. నడక నువ్వు జూడు తమ్మీ. పొద్దుగాల లేపి తీస్కపో. నిన్ను నమ్ముతున్న." తన వంతు ఆమె ఆ పూట నుంచే మొదలుపెట్టింది. పూటకు ఒక్క జొన్న రొట్టె, నూనె చూపించి తీసేసిన పుంటికూర, అంటే గోంగూర, ఉడికించిన పెసర్లు, పలుచటి సల్ల. నెయ్యి గిన్నె పై అరలోకి ఎక్కింది. నా పళ్లెంలోకి మాత్రం దిగివచ్చేది. "పనిజేసే పిల్లగానివి" అని అక్క నా రొట్టె మీద వేస్తుంటే బావ ఆ చెంచా పోయే దారినంతా కళ్లతో సాగనంపేవాడు.

నా వంతు నేను మొదలుపెట్టాను. కంగ్టి రోడ్డు మీద పోయి రావడం. బావతో నడవడం అంటే ఊరేగింపుతో నడవడమే. ఎదురొచ్చిన ప్రతివాడూ ఆయన ఆటో ఎక్కినవాడే. "ఏమాయె, ఆటో అమ్మినవా, నడుస్తున్నవ్?" అని ఒకడు, "పెట్రోల్ అయిపోయిందా?" అని ఇంకొకడు. అందరికీ నిలబడి జవాబు చెప్పి, వాళ్ల ఇంటి సంగతులు అడిగి కదిలేసరికి కట్టెలకని మా వెనక బయలుదేరిన ముసలమ్మలు మోపులతో తిరిగి వచ్చేవాళ్లు. మూడో రోజు బావ మైలురాయి మీద కూలబడి, "బామ్మర్దీ, నాతోని గాదురా. కాళ్లల్ల జీవం లేదు. ఒక్క రొట్టె మీద ఆటో గూడ నడువది" అన్నాడు. ఆ మొహం చూసి నాకు జాలేసింది. జాలి వేసినప్పుడల్లా నాకు ఒక సిద్ధాంతం పుట్టేది. టీవీలో ఎవరో కండలు తిరిగినాయన నడిస్తే కొవ్వు కరుగుతుందని చెప్పగా విన్నాను. మిగతాది నేనే పూరించుకున్నాను. "బావా, అక్క తిండి దిక్కు పోతున్నది, అది పాత పద్ధతి. అసలు సంగతి కసరత్తుల ఉన్నది. నడిసినంత తినొచ్చు. మైలుకు రెండు బజ్జీలు లెక్క" అన్నాను. బావ రాయి మీంచి లేచిన వేగం చూస్తే, నడక పనిచేస్తోందని నాకే నమ్మకం కలిగింది.

తిరుగు దారిలో మూలమలుపు దగ్గర బజ్జీల పెద్దమ్మ బండి ఉండేది. మేం దూరాన కనపడగానే ఆమె మిరపకాయలు పిండిలో ముంచేది. "రాండ్రి, బక్కగైనోళ్లు వస్తుండ్రు" అని నవ్వేది. బావ నాలుగు తినేవాడు. నేను ఆయనకు తోడుగా తినేవాణ్ణి. (ఎన్ని అన్నది తర్వాత బయటపడుతుంది.) మూతి తుడుచుకుని, వేపపుల్ల నములుతూ, చాలా అలసిపోయినట్టు ఇంట్లో అడుగుపెట్టేవాళ్లం. అక్క చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చేది.

ఇక్కడిదాకా జరిగింది మూర్ఖత్వం. దీని తర్వాతది తప్పు. వారానికొకసారి బావను మా దుకాణానికి తెచ్చి తూకం వేయమని అక్క చెప్పింది. కాంటా వ్యాపారంలో తరుగు అని ఒకటుంటుంది. సంచి బరువనీ, మట్టి అనీ, తేమ అనీ సరుకు బరువులోంచి కొంత తీసేసి చెప్పడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే చేసే నాకు, ఏ అంకె కనపడినా కొంత తీసి చెప్పడం అలవాటైపోయింది. మొదటి వారం బావ కాంటా ఎక్కితే తొంభై ఎనిమిదిన్నర చూపించింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "చెప్పుల బరువు తియ్యి" అన్నాడు బావ. తీశాను. "అంగీ, లుంగీ?" తీశాను. "జేబుల తాళంచెవులున్నయి." అవీ తీశాను. పక్కనున్న హమాలీ తాత తన వంతుగా, "నిన్న వానల తడిసిండు గద, తేమ గూడ ఉంటది" అన్నాడు. అన్నీ పోగా తొంభై ఆరు తేలింది. అక్కకు అదే చెప్పాను. మరుసటి వారం కాంటా తొంభై తొమ్మిది అంది, నా తరుగు నాలుగున్నరకు పెరిగింది. ఆరు వారాలకు బావ మా లెక్కలో తొంభైకి వచ్చేశాడు. మేం కూడా సగం నమ్మేశాం. బావ అయితే లుంగీ వదులైందన్నాడు. నిజంగానే వదులైంది, కడుపు పెరిగి ముడి కిందికి జారినందుకు. అక్క మాత్రం ఆ అంకె విని దేవుడి పటానికి దండం పెట్టి, ఆపరేషన్‌కని బట్టలు సర్దింది.

దవాఖాన మిషను తరుగు తీయలేదు. సరిగ్గా వంద చూపించింది.

డాక్టరు చీటీ చూశాడు, మిషను చూశాడు, బావను చూశాడు. బావ జంకుతూ, "రోజు నడుస్తున్న సార్, గంటసేపు" అన్నాడు. "నడక మంచిదే. కానీ గంట నడిచి కరిగించింది పది నిమిషాల్లో తిరిగి తినేయొచ్చు. బరువు దించేది ముందు తిండి. దిగింది మళ్లీ ఎక్కకుండా పట్టుకునేది నడక. ఇంట్లో ఏం తింటున్నాడమ్మా?" అని అక్క వైపు తిరిగాడు. తిరిగినవాడు ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. "నువ్వెక్కు" అన్నాడు. అక్క ఎక్కింది. నలభై ఎనిమిది. "తగ్గమన్నది ఈయన్ను గదమ్మా, నువ్వెందుకు తగ్గినవ్?"

అక్క కొంగు వేలికి చుట్టుకుంటూ అంది. "ఆయన సప్పటిది తింటుంటే నాకు నెయ్యి బువ్వ ఎట్ల దిగుతది సార్. ఆయనకు పెట్టిందే నేను తిన్న." కొంచెం ఆగి, "నాదే తప్పున్నట్టుంది. కూరల నూనె ఎక్కడనో ఎక్కువ పడుతున్నది. నేనే సరిగ జూసుకోలె" అంది.

అదీ నేను నోరు తెరవాల్సిన చోటు. బావ నా వైపు చూశాడు, నేను గుండె బొమ్మ వైపు చూశాను. ఆపరేషన్ మళ్లీ రెండు నెలల తర్వాతకు పోయింది. బస్సులో అక్క ముందు సీట్లో కూర్చుంది. ఖేడ్ వచ్చేదాకా ఆమె జడ ఎంత సన్నబడిందో చూస్తూ వచ్చాను. నా కాంటాకు అది ఒక్కసారి కూడా అందలేదు.

మర్నాడు పొద్దున నడకకు చెప్పులేసుకుంటూ వంటింట్లోకి తొంగి చూశాను. అక్క రొట్టె తింటోంది. పక్కన కూర లేదు. ఉప్పు, కారప్పొడి, అంతే. నూనె ప్యాకెట్ గుమ్మం బయట ఉంది, పక్కింటివాళ్లకు ఇచ్చేయడానికి. నేను చెప్పులు విడిచి వచ్చి ఆమె ముందు కూర్చున్నాను. "అక్కా, నూనె నీ కూరల లేదు. బజ్జీలల్ల ఉన్నది" అన్నాను. మొదలుపెట్టాక అన్నీ వచ్చేశాయి, పెద్దమ్మ బండి, మైలుకు రెండు, కాంటా, తేమతో సహా. బయట బావ ఆటో అద్దం తుడుస్తున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

అక్క నమలడం ఆపి అంతా విన్నది. అరవలేదు. "రోజుకెన్ని?" అంది.

"బావ నాలుగు."

"నువ్వు?"

"ఆరు."

"నువ్వెన్ని మైళ్లు నడిసినవని ఆరు తిన్నవురా?" అంది. అంటుంటే ఆమె మూతి వంకర తిరిగింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వు. నవ్వుతూనే కళ్లనీళ్లు పెట్టుకుంది. "నేను ఆయనకు దినాం గండం లెక్కవెడుతుంటే, మీరిద్దరు బజ్జీలు లెక్కవెట్టిండ్రు" అంది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, "రేపటిసంది ఆయనతోని నేను నడుస్త" అంది.

"మరి రొట్టెలు?" అన్నాడు బావ బయటి నుంచి. అన్నీ వింటున్నాడన్నమాట.

"నేను జేస్త" అన్నాను. ఎవరూ అడగకముందే నోరు తెరవడం నాకు అలవాటని చెప్పాను గదా. కానీ జీవితంలో ఆ ఒక్కసారి సరైన చోట తెరిచాను.

ఆ రెండు నెలలూ పొద్దున వాళ్లిద్దరూ కంగ్టి రోడ్డు మీదికి పోతే, నేను పీట ముందు కూర్చుని జొన్నపిండితో పోరాడాను. మరిగే నీళ్లు పోసి కలపాలని తెలుసు, ఎన్ని పోయాలో తెలియదు. అరచేత్తో కొడుతుంటే అంచులు పగిలిపోయేవి, ఎత్తబోతే నడుమ విరిగేది. మొదటి రోజు బావ పళ్లెంలోకి చూసి, "గిది రొట్టెనా, కంగ్టి మండలం నక్షనా?" అన్నాడు. ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. నమలడం అయ్యాక, "నడుసుడు కసరత్తు గాదు బామ్మర్దీ, ఇది నములుడు కసరత్తు" అన్నాడు. రెండోది కావాలా అంటే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అక్క రొట్టె అయితే ఇంకొకటి, ఇంకొకటి అని అడిగే మనిషి, నా రొట్టె ఒక్కదానితో తృప్తిగా లేచిపోయేవాడు. అక్క తినే రొట్టె మీద మాత్రం నెయ్యి నేనే వేసేవాణ్ణి, ఆమె వద్దన్నా. నా పళ్లెంలోకి నెయ్యి రావడం మానేసింది. దుకాణంలో కూడా ఒక మార్పు వచ్చింది. తరుగు చెప్పేటప్పుడు సంచి వెనక నిలబడ్డ రైతు మొహం చూడడం మొదలుపెట్టాను. మొహం చూస్తూ ఎక్కువ తీయడం కష్టం. దుకాణం యజమాని సేఠు రెండుసార్లు గొణిగాడు, మూడోసారి నన్ను కాంటా నుంచి లెక్కల గదికి మార్చాడు.

రెండు నెలలకు బావ ఎనభై తొమ్మిదిన్నర, అక్క యాభై రెండు. ఆపరేషన్ బాగా జరిగింది. కుట్లు విప్పేటప్పుడు డాక్టరు, "ఎట్ల తగ్గినవ్? తిండా, నడకా?" అని అడిగాడట. "నడక మా ఆమెది, తిండి మా బామ్మర్దిది సార్. ఇద్దరి నడుమ తప్పించుకోను జాగ దొరకలె" అన్నాడట బావ.

ఇప్పుడు నాకు నలభై దగ్గర పడుతోంది. ఆ ఇరవై మూడేళ్లవాణ్ణి తలుచుకుంటే, పిలిచి చెవి మెలేయాలనీ అనిపిస్తుంది, పక్కన కూర్చోబెట్టుకోవాలనీ అనిపిస్తుంది. మా ఇల్లు అక్క ఇంటికి రెండు సందుల అవతలే. ఆదివారం పొద్దున వాళ్లిద్దరూ నడక ముగించుకుని మా ఇంటికే వస్తారు, ఆ పూట రొట్టెలు నావి. మొన్నటి ఆదివారం అక్క ఒక ముక్క తుంచి, నోట్లో వేసుకుని, కాసేపు నమిలి, "ఇన్నేండ్లాయె, ఇంక నీకు రాలేదురా తమ్మీ" అంది. అని, ఇంకొకటి వేయమని పళ్లెం నా వైపు జరిపింది.