కల్లాల దారిలో మా అత్త

పోయిన గురువారం మా మేనత్త పోయింది. "అక్క ఇక లేదమ్మా" అని నాన్న ఫోన్లో చెప్పాడు. డెబ్భై దాటిన మనిషి, చివరి రోజు వరకూ తన పని తనే చేసుకుంది. ఏడుపు వచ్చింది, నిజమే. కానీ ఆమెను తలుచుకుంటే నాకు ఏడుపు కంటే గర్వమే ఎక్కువ. ఎందుకో మీకు చెప్పాలి.

అద్దంకి దగ్గర మా పల్లెలో ఒంటరిగా పరుగు ప్రాక్టీసు చేసిన మొదటి ఆడపిల్లను నేనే. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు పరీక్ష నెగ్గాలి. పగలు ఎండ మండిపోతుందని తెల్లవారుజామునే లేచి మిరప కల్లాల రోడ్డు పట్టుకునేదాన్ని. కోసిన కాయ ఎండేదాకా రైతులు కల్లాల్లోనే పడుకుంటారు. మసక చీకట్లో అలికిడి వినపడితే "ఎవరదీ?" అని కేకేస్తారు. ఫలానా వాళ్ళమ్మాయినని బదులు చెప్పి పోవాలి. అది మా వైపు పద్ధతి.

ఒకరోజు నేనేమో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటల హోరులో పోతున్నాను. కేక వినపడలేదు. మిరపకాయల దొంగ పారిపోతున్నాడనుకుని నాలుగు కల్లాల వాళ్ళు కర్రలు తీసుకుని వెంటపడ్డారు. వెనక్కి చూసేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. అంత వేగంగా నేను మళ్ళీ ఎప్పుడూ పరిగెత్తలేదు. చివరికి ఒక పెద్దాయన ఎదురొచ్చి నా మొహం మీద టార్చిలైటు వేసి, "ఆగండ్రా, ఆడపిల్ల!" అని కర్ర కింద పడేశాడు.

ఊరంతా నవ్వింది. నాన్న మాత్రం నవ్వలేదు. "నిజంగా దొంగే నీ వెంట పడితే? రేపట్నించి పరుగూ లేదు, ఉద్యోగమూ లేదు" అన్నాడు. రెండు రోజులు అన్నం మానేసినా కరగలేదు.

మూడో రోజు అత్త వచ్చింది. భర్త పోయాక కల్లాల్లో రంగుపోయిన తాలుకాయలు ఏరే కూలి చేసి ఇద్దరు బిడ్డల్ని సాకిన మనిషి. ఆమె నోటికి నాన్నే కాదు, ఊరే జంకేది.

"ఒరేయ్, పిల్ల తప్పు చేస్తే దిద్దాలిగానీ కాళ్ళు కట్టేస్తావా?" అంది.

"ఏదన్నా జరిగితే ఎవరు కాస్తారక్కా?"

"ఆ సంగతి నాకొదిలెయ్."

ఆ సాయంత్రం నన్ను కల్లం కల్లానికీ తిప్పింది. "ఇది మా తమ్ముడి కూతురు. పోలీసు పరుగు నేర్చుకుంటంది. పొద్దున్నే ఇటేపు వచ్చిద్ది. రాకపోతే ఎందుకు రాలేదో కనుక్కోండి" అని ప్రతిచోటా చెప్పింది. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "నువ్వు పరిగెత్తేది నలుగురికీ తెలియాల. అదే నీకు కాపలా" అంది దారిలో.

ఇంకా చెప్పింది. "చెవులు ఖాళీగా ఉంచుకో. బండ్లకి ఎదురుగా కుడిపక్కన పరిగెత్తు, వచ్చేవాడు నీకు కనపడాల. ఎవడన్నా వెంటపడితే ఇంటిదాకా పరిగెత్తమాక, మనుషులున్న కల్లంలో జొరబడు." నేను ట్రాక్టర్ల వాళ్ళకి కనపడాలని, చనిపోయిన మామయ్య తెల్లచొక్కా ఒకటి తెచ్చి ఇచ్చింది. మోకాళ్ళ దాకా వేలాడేది. అయినా వేసుకున్నాను.

నెల తిరక్కుండానే ఒక పొద్దున ముక్కూమొహం తెలియనివాడు మోటారుసైకిలు నెమ్మది చేసి నా వెంట రావడం మొదలుపెట్టాడు. పక్కనున్న కల్లంలోకి తిరిగాను. టార్పాలిన్ పట్టాల మీద పడుకున్నవాళ్ళు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. బండి వెనక్కి తిప్పుకుని పోయాడు. ఇంట్లో చెబితే నాన్న మళ్ళీ మాన్పిస్తాడని భయపడ్డాను. కల్లం వాళ్ళ దగ్గర విని అత్త తనే చెప్పింది, పైగా నవ్వుతూ. "చూశావంట్రా, ఎంత బుద్ధిగా చేసిందో!" మర్నాడు నన్ను నిద్ర లేపింది నాన్నే.

పరుగు నెగ్గాను, ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఆ రోడ్డు మీద మరో ముగ్గురు ఆడపిల్లలు పరిగెత్తుతున్నారు. వాళ్ళనీ కల్లాలన్నీ తిప్పి చూపించింది అత్తే.

గురువారం డ్యూటీలోంచి యూనిఫాంతోనే వచ్చాను. శ్మశానానికి పోవాలంటే హైవే దాటాలి. లారీలు ఆగకుండా వస్తున్నాయి, పాడె మోసేవాళ్ళు అంచున నిలబడిపోయారు. నేను ముందుకెళ్ళి రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తాను. రెండువైపులా బండ్లన్నీ ఆగిపోయాయి. ఒక్కడూ హారన్ కొట్టలేదు. అత్త తీరిగ్గా రోడ్డు దాటింది.