తక్ జేమన్ కాపలా కాసింది ఏమిటి

హ్వారిమ్ జిల్లాలో అరవై దాటిన ఏ మగవాణ్ణి కదిలించినా, సైన్యంలో ఉన్న రోజుల్లో ఉత్తర సరిహద్దు కంచె దగ్గర మోకాలి లోతు మంచులో కాపలా కాశానంటాడు. చెప్పుకునేవాళ్లంతా నిజంగా అక్కడ నిలబడి ఉంటే ఇక కంచెతో పనే ఉండేది కాదు. ఆ వీరుల్లో తక్ జేమన్ ఒకడు. కాకపోతే అతను పార్లమెంటు సభ్యుడు, పైగా రక్షణ కమిటీలో ఉన్నవాడు. అందుచేత అతని మంచు మిగతావాళ్ల మంచుకన్నా ఒక అడుగు ఎక్కువ లోతు.

పచ్చి అబద్ధం ఏనాడూ ఆడలేదు పాపం. "తెల్లారుజామున నాలుగింటికి లేచేవాణ్ణి. చలికి చేతులు పగిలి నెత్తురు కారేది. ఆరువందల మంది ప్రాణాలు నా చేతిలో ఉండేవి" అనేవాడు ప్రతి ఎన్నికల సభలోనూ. ముక్క ముక్కా నిజమే. ఆ చేతిలో ఉన్నది తుపాకి కాదనీ, కాగులో పులుసు కలిపే పార అనీ మాత్రం చెప్పేవాడు కాదు. ముప్పై నెలలూ అతను వంటవాడు.

సైన్యం నుంచి వచ్చాక, తాను వండిన హ్వారిమ్ సైనిక దండు గేటు ఎదురుగానే నూడుల్స్ కొట్టు పెట్టాడు. సెలవు మీద బయటికొచ్చిన కుర్రాళ్లకు అడక్కుండానే రెండో గరిటె వేసేవాడు. ఆ రెండో గరిటే అతన్ని జిల్లా సభకు పంపింది, యాభై ఒకటో ఏట సియోల్‌లోని పార్లమెంటుకీ పంపింది. అక్కడ కమిటీలు పంచుకునే రోజున తోటి సభ్యులంతా రోడ్లూ రైళ్లూ ఉన్న కమిటీల మీద ఎగబడ్డారు. రక్షణ కమిటీలో చేరితే సొంతూరికి వంతెన రాదు, శిలాఫలకం మీద పేరు రాదు. క్యాంటీన్లో పులుసు బాగుందని ఇంకో గిన్నె తాగి తీరిగ్గా వచ్చిన జేమన్‌కు మిగిలింది అదొక్కటే. అయినా చిన్నబుచ్చుకోలేదు. క్షిపణుల సంగతి పెద్దలకు వదిలి, చలికాలపు బూట్లలోకి నీళ్లు ఎందుకొస్తున్నాయో, జతకు రెండు ఉండాల్సిన మేజోళ్లు ఒకటిన్నర ఎలా అయ్యాయో అడగడం మొదలుపెట్టాడు. శత్రువుకు బెదరని జనరళ్లు ఆ మేజోళ్ల ప్రశ్నకు గుటకలు మింగేవారు.

పదకొండేళ్లు ఇలా గడిచాక అసలు చిక్కు వచ్చింది. దండు వంటశాలలు మూసి, ఫ్యాక్టరీలో వండిన పులుసు పొట్లాలు కొనాలని ప్రభుత్వం తలపెట్టింది. హ్వారిమ్ క్యాబేజీలో సగం దండే తింటుంది. అది ఆగితే లోయలోని పంటంతా పొలంలోనే కుళ్లిపోతుంది. వంటశాలలు ఉండాలి, కూరగాయలు ఆ జిల్లా రైతుల దగ్గరే కొనాలి అని జేమన్ ఒక సవరణ పెట్టాడు. కమిటీలో ఎనిమిది మంది అటు, ఎనిమిది మంది ఇటు. పదిహేడోవాడు మోక్ ఇన్‌గ్యు, రిటైరైన జనరల్. హ్వారిమ్ దండుకొచ్చి రెండు పులుసులూ రుచి చూశాకే చెయ్యెత్తుతానన్నాడు. ఆయనకు కంచె దగ్గర నిలబడ్డవాడి మాటంటేనే గురి. జేమన్‌ను కూడా అలాంటివాడే అనుకుని కనబడినప్పుడల్లా గౌరవంగా తల పంకించేవాడు.

అందుకే తనిఖీకి ముందురోజు జేమన్ ఓక్ చంసిక్ పొలానికి పరిగెత్తాడు. చంసిక్ ఇప్పుడు క్యాబేజీ రైతుల సంఘం పెద్ద. ఒకప్పుడు అదే వంటశాలలో జేమన్‌కు సీనియర్.

"రేపు రైతుల తరఫున వచ్చినప్పుడు మీరు నోరెత్తకూడదు, సార్జెంట్ గారూ."

"ఏరా సిపాయీ, ఎంపీవయ్యాక నాకే ఆర్డర్లేస్తున్నావా?"

"కాళ్లు పట్టుకుంటానండీ. నేను వంటవాణ్ణని తెలిస్తే ఆ జనరల్ చెయ్యెత్తడు. మీ క్యాబేజీ మీ పొలంలోనే పోతుంది."

"సరేలే. నా క్యాబేజీ కోసం నోరు కుట్టేసుకుంటా. నువ్వు మాత్రం ఉల్లిపాయ కనబడగానే తరగడానికి చేతులు చాపకు."

మర్నాడు దండు వంటశాల నిండా కెమెరాలు. ఒక కాగులో పొట్లాల పులుసు, ఇంకో కాగులో సోయా ముద్ద వేసిన క్యాబేజీ పులుసు. గరిటె పట్టాల్సిన సిపాయిలు కమిటీవాళ్లకు సెల్యూట్లు కొడుతూ మంట సంగతి మరిచారు. క్యాబేజీ పులుసు అడుగంటుతున్న వాసన ముందుగా చంసిక్ ముక్కుకే తగిలింది. కుట్టుకున్న నోరు ఫట్టున తెగింది.

"ఒరేయ్! తక్ సిపాయీ!"

సీనియర్ పేరు పెట్టి పిలిస్తే హోదా, పేరు గొంతు చించుకుని చెప్పాలి. దండులో మొదటి వారంలోనే ఎముకల్లోకి ఎక్కించే పాఠం అది. నలభై ఏళ్లయినా దిగదు.

"సిపాయి! తక్! జేమన్!" అని అరుస్తూ గౌరవ సభ్యుడు చీపురుపుల్లలా నిటారుగా నిలబడ్డాడు.

"కాగు చూడరా!"

చూశాడు. కోటు ఎటు విసిరాడో అతనికే తెలియదు. పార తీసుకుని కలపబోతున్న సిపాయిని పక్కకు నెట్టాడు. "కలపకు! కలిపితే మాడంతా పైకొస్తుంది. మంట ఆపు! పైపైన ఖాళీ కాగులోకి ఎత్తు!" ఊపిరి పీల్చుకునేలోగా పులుసు కాగు మారింది. రుచి చూసి చిటికెడు ఉప్పు విదిలించాడు. అప్పుడు గుర్తొచ్చాయి కెమెరాలు.

జనరల్ మోక్ దగ్గరికొచ్చాడు.

"తక్ గారూ, మీరు కాపలా కాసింది ఏ కొండ మీద?"

"ఈ కాగు దగ్గరండీ, జనరల్ గారూ. ముప్పై నెలలు."

చంసిక్ కళ్లు మూసుకున్నాడు. జనరల్ పొట్లాల పులుసు ఒక గుక్క రుచి చూసి పక్కన పెట్టాడు. గిన్నెడు క్యాబేజీ పులుసు తాగాడు, ఇంకో గిన్నె అడిగి తాగాడు. మూతి తుడుచుకుని అన్నాడు:

"రిటైరయ్యాక నాకు కొన్ని వేలమంది కలిశారయ్యా. అందరూ కంచె దగ్గరే నిలబడ్డారట. వంటవాడన్నవాడు ఒక్కడూ తగల్లేదు. మరి ముప్పై ఏళ్లు నేను తిన్న అన్నం ఎవడు వండాడా అని నాకు నిద్రపట్టేది కాదు."

సవరణ తొమ్మిది చేతులతో గట్టెక్కింది.

అసలు తమాషా తర్వాత జరిగింది. సంతలో చేపలమ్మే ముసలాయన జేమన్ చెవిలో గొణిగాడు. "నేను కల్నల్ గారి టెన్నిస్ కోర్టు చదును చేసేవాణ్ణండీ. ఎవరికీ చెప్పకండి." మంగలి, తాను సైన్యంలో చేసిందీ క్షవరాలేనని ఒప్పుకున్నాడు. వారం తిరిగేలోగా హ్వారిమ్ జిల్లాలో కంచె దగ్గర కాపలా కాసినవాడు ఒక్కడూ మిగల్లేదు.

ఇంటికొచ్చి భార్య సన్‌రే ముందు బెరుగ్గా కూర్చున్నాడు జేమన్. "నీకు చెప్పాల్సింది..."

"పెళ్లయిన వారానికే తెలుసులెండి. ఇద్దరికి పులుసు పెట్టమంటే వీధి మొత్తానికి పెట్టారు" అంటూ ఆమె గిన్నె అతని ముందుకు జరిపింది. "ఉప్పు చాలిందేమో చూడండి."

చాలలేదు. ఆ మాట చెప్పే ధైర్యం మాత్రం, జనరళ్లను గడగడలాడించిన ఆ సభ్యుడికి లేకపోయింది.