మేస్త్రి తేరుకున్నాడు

మా కృపారావు మావయ్యకి ఫోనంటే పడేది కాదు. మోగితే అత్తయ్య చేతిలో పెట్టేసేవాడు. అలాంటి మనిషి ఈ ఏడాది అన్నం తింటూ కూడా ఫోను వదల్లేదంటే, అదంతా పంది చెవికి తగిలించిన ఓ బిళ్ల చలవ.

ఆ బిళ్లలు తెచ్చింది పశువైద్యం చదివిన సుధీర్ గారు. మావయ్య మగపందికీ, కాలవకి ఇవతల మా దొడ్లో ఆడపందులకీ పెట్టారు. పంది ఎంత తిరిగిందో, ఎంతసేపు పడుకుందో ఫోనులో గీతగా కనబడుతుంది. జ్వరమొస్తే గీత జారుతుంది. ఎంత తొందరగా మళ్లీ లేస్తే ఆ పంది అంత గట్టిదన్నమాట. మా పందుల గీతలూ మావయ్య ఫోనులోకే వచ్చేవి. పందికి చెవి కమ్మ చేయించావు, అత్తయ్యకెప్పుడు చేయిస్తావని నేను ఏడిపించేదాన్ని.

మావయ్య బతుకంతా ఆ మగపందే. దొడ్లో అజమాయిషీ చేస్తున్నట్టు తిరుగుతాడని దానికి మేస్త్రి అని పేరు. చుట్టుపక్కల ఎవరి ఆడపంది ఎదకొచ్చినా మావయ్యకి కబురొచ్చేది. మేస్త్రిని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వెళ్లేవాడు. కూలి అడగడు, ఈనాక ఒక పిల్లనిస్తే చాలు. ఆయనకో నియమం ఉండేది. మేస్త్రికి ఒక్క పూట నలతగా ఉన్నా, నెల తిరిగేదాకా ఎవరు బతిమాలినా గుమ్మం దాటనిచ్చేవాడు కాదు.

వానలు వెనకబట్టే రోజుల్లో మేస్త్రి గీత ఒక్కసారిగా పడిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి, మేత ముట్టలేదు. మావయ్య దాని పక్కనే కూర్చున్నాడు. వారం తిరక్కుండానే గీత లేచింది. ఇంత తొందరగా తేరుకున్న పందిని చూడలేదని సుధీర్ గారు మెచ్చుకుని, పరీక్షకి రక్తం తీసుకున్నారు.

"గీత తిరుగుడే చెబుతుందండీ, ఒంట్లో ఏముందో చెప్పదు. రిపోర్టు వచ్చేదాకా ఎక్కడికీ తీసికెళ్లకండి" అన్నారు వెళ్తూ.

"ఆయ్, అలాగేనండీ" అన్నాడు మావయ్య.

ఎంత తేలిగ్గా అనేశాడో! ఆ మెప్పు తలకెక్కింది. కనబడ్డవాళ్లందరికీ ఫోను చూపించాడు. ఇంత గట్టి పందికి పుట్టే పిల్లలు ఇంకెంత గట్టిగా ఉంటాయోనని జనం ఎగబడ్డారు. మరి నెల నియమం ఏమైందని మా అమ్మ దానమ్మ అడిగితే, కళ్లెదుట గీత కనబడుతుంటే ఇంకా నియమాలేంటని కసిరాడు. నాన్న పోయాక మా ఇంట్లో కూడూ, నా నర్సింగు చదువూ ఆ పందుల మీదే. అమ్మకి భయమే. కానీ అన్నగారి మాట కాదనలేక ఊరుకుంది. మేస్త్రి మా దొడ్లో రెండ్రోజులుండి వెళ్లాడు.

ఆ పై ఆదివారం మేము చర్చికి తయారవుతుంటే మావయ్య ఫోను చేశాడు.

"అమ్మాయ్, మీ పందులు లేచేయేమో చూడు. గీతలన్నీ పడిపోతన్నాయి."

పరుగెత్తి చూస్తే, ఈతకి దగ్గరపడ్డ పంది అప్పటికే చచ్చిపడి ఉంది. తక్కినవి మేత బకెట్టు చూసి కూడా తల ఎత్తలేదు. నాకు మావయ్యని కొట్టాలనిపించింది, నిజంగానే.

మర్నాడు రిపోర్టు వచ్చింది. పందుల జ్వరం, మందు లేదు. తేరుకున్న పంది కూడా దాన్ని మోసుకు తిరుగుతుందట. అన్నిటినీ చంపి పూడ్చాల్సిందేనన్నారు. మావయ్య తనే తాడు పట్టుకుని మేస్త్రిని గోతి దాకా తీసుకొచ్చాడు. వాడు చలాకీగా నడుస్తూ వచ్చాడు. ఫోనులో గీత ఇంకా పైనే ఉంది.

మేస్త్రి ఇంకా ఎవరిళ్లకి వెళ్లాడని సుధీర్ గారు అడిగారు. మావయ్య చేతిలో తాడు చుట్టుకుంటూ నిలబడ్డాడు. అమ్మ వెళ్లి ఆయన చొక్కా పట్టుకుంది.

"చెప్పు అన్నయ్యా. వాళ్లవైనా మిగల్నీ."

అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. కపిలేశ్వరపురం లంకలో ఒకరు, ఐనవిల్లి దగ్గర ఇద్దరు, రావులపాలెం అవతల ఇంకొకరు. చెబుతూనే ఉన్నాడు. సుధీర్ గారు మావయ్య ఫోనే తీసుకుని స్పీకరు పెట్టి ఒక్కొక్కరికీ చేశారు. మొదటివాళ్లు ఎత్తలేదు. రెండో ఇంట్లో ఎవరో ఆవిడ ఎత్తి, మేము నోరు తెరవకముందే అంది:

"కృపారావు గారేనాండీ? మీకే చేద్దామనుకుంటున్నాను. మా పందులు పొద్దుట్నుంచీ మేత ముట్టట్లేదండీ."