మంచం కింద మొక్కజొన్న

మా స్యోంబువా అత్త అనుమానం మకుయేని జిల్లా మొత్తానికి పంచినా ఇంకా మిగులుతుంది. సొంత నీడ కాస్త వెనకబడితే, ఏం కొట్టేస్తోందోనని వెనక్కి తిరిగి చూస్తుంది. ఏడో తరగతిలో బడి నన్ను అందుకోలేక వదిలేసింది గానీ, ఈ ఒక్క సంగతిలో నేను గోరంత కూడా పెంచి చెప్పడం లేదు.

ఆ ఏడు కరువు. కంకులు చేలోనే ఎండితే దొంగలు విరుచుకుపోతారని అత్త పచ్చిగానే కోసేసింది. వాకిట్లో ఆరబోస్తే అందరి కళ్లూ పడతాయిగా! తడి గింజల్ని బస్తాల్లో కుక్కి మంచం కింద దాచి, పైన మామతో పడుకుంది.

కొన్నాళ్లకు ములీ మామ కళ్లు పచ్చబడ్డాయి. పొట్ట ఉబ్బింది. ఆస్పత్రిలో చేర్చాం.

"కలూందే విషం పెట్టింది," అంది అత్త. కలూందే ఆమె సవతి. "దాని ఇంట గంజి తాగాడు."

"ఒక్కపూట తాగాడు. నీ ఇంట్లో రోజూ తింటున్నాడు కదత్తా!"

ఇంటికొచ్చి బస్తా విప్పితే గింజల మీద పచ్చటి బూజు. గుప్పెడు పట్టుకెళ్లి చూపిస్తే, ఇంకా ఇదే తింటే మామ దక్కడంది ఆస్పత్రి నర్సమ్మ. అత్త నన్ను ఎగాదిగా చూసింది. "పారబోస్తే ఏరుకుపోదామనా, ముసెంబీ?"

నర్సమ్మ చెప్పినదానికి నా మసాలా కలిపాను. "కాలేయం కూడా నీలాంటిదే అత్తా, లోపలికొచ్చిన ప్రతిదాన్నీ అనుమానిస్తుంది. బూజు విషాన్ని పట్టుకుని మార్చేస్తుంది. మారిన ముక్క ఇంకా చెడ్డది, దొరికిన కణాన్నల్లా కరుస్తుంది. అందుకని కాలేయమే దాన్ని మూటగట్టి పైత్యరసంలోకి, మూత్రంలోకి తోసేస్తుంది. కరువులో చిక్కిన మామ ఒంట్లో మూటగట్టే సరుకు తక్కువ, నువ్వు పంపే విషం ఎక్కువ."

"అంటే విషాన్ని ముదరబెట్టేది మీ మామ కాలేయమే!" కొత్త దొంగ దొరికినట్టు అత్త ముఖం వెలిగింది.

"దానికి పని పెట్టిందెవరు?"

అత్త నాచేత గొయ్యి తవ్వించి, బస్తాలన్నీ అందులో వేయించి నిప్పు పెట్టించింది. చివరి గింజ బూడిదయ్యేదాకా నా చేతులకేసే చూస్తూ కూర్చుంది.

ఇక మామకు పెట్టడానికి ఇంట్లో ఏమీ లేదు. కలూందే గంజి గిన్నెతో వచ్చింది. ఆమె మొక్కజొన్న ఇంటికప్పు మీద ఊరంతా చూస్తుండగా ఎండింది. కోతులు మేసినంత మేశాయి.

"ముందు నువ్వు తాగవే," అంది అత్త.

కలూందే తాగింది. "మూతి కూడా తుడిచి చూపించనా అక్కా?"

అత్త గిన్నె లాక్కుని, తనూ ఓ గుక్క తాగి, నోట్లోనే కాసేపు తిప్పి మింగింది. గిన్నె కొంగుకింద పెట్టుకుని ఆస్పత్రికి నడిచింది.